పేపర్ పంపాక ఎన్నాళ్లు ఆగాలి? పీర్ రివ్యూ కాలాన్ని లెక్కవేసుకునే పద్ధతి

“సార్, పేపర్ పంపి నాలుగు నెలలైంది. ఇంకా ‘అండర్ రివ్యూ’ అనే చూపిస్తోంది. మెయిల్ పెడితే ఎడిటర్‌కి కోపం వస్తుందేమో?” మా డిపార్ట్‌మెంట్‌లో పీహెచ్‌డీ చేస్తున్న పిల్లలు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. ఫెలోషిప్ గడువు దగ్గరపడుతుంటుంది. ఇంట్లో “ఎప్పటికవుతుందమ్మా నీ చదువు” అని అడుగుతుంటారు. ఆ నాలుగు నెలలూ అవతల ఏం జరుగుతోందో చెప్పే మనిషి మాత్రం ఉండరు.

ఆ ఎదురుచూపు నేనూ పడ్డాను. తర్వాత ఇతరుల పేపర్లను అచ్చుకి ముందు చదివి తూచే రివ్యూయర్‌గా అటువైపు కూర్చున్నాక అసలు సంగతి తెలిసింది. పేపర్ చదివి అభిప్రాయం రాయడానికి పట్టేది ఒక పూట, మహా అయితే రెండు పూటలు. మిగతా నెలలన్నీ చదివేవాళ్లను వెతకడానికి, వాళ్లకు వీలు చిక్కడానికి పోతాయి. ఈ ఒక్కటి గుర్తుపెట్టుకుంటే ఎక్కడ ఓపిక పట్టాలో, ఎక్కడ కదిలించాలో తెలుస్తుంది. కింద చెప్పేవన్నీ ఆ లెక్క మీదే నడుస్తాయి.

1. గడువు తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టండి

జర్నల్ ఎంచుకునే ముందే ఒక తేదీ రాసుకోవాలి: పేపర్‌ని జర్నల్ ఒప్పుకున్నట్లు కాగితం మీకు ఎప్పటికి చేతిలో ఉండాలి?

2016 నాటి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనల ప్రకారం థీసిస్ ఇచ్చేముందు రిఫరీడ్ (పీర్ రివ్యూ ఉన్న) జర్నల్‌లో కనీసం ఒక పేపర్ వచ్చి ఉండాలి. 2022 నవంబర్‌లో వచ్చిన కొత్త నిబంధనలు ఆ తప్పనిసరిని తీసేశాయి. అంతమాత్రాన మీకు అక్కర్లేదని అనుకోకండి. విశ్వవిద్యాలయాలు తమ సొంత నియమాల్లో ఆ షరతును ఉంచుకోవచ్చు. మీ రీసెర్చ్ సెల్‌కి వెళ్లి రెండు ప్రశ్నలు అడగండి. పేపర్ అచ్చయి ఉండాలా, యాక్సెప్టెన్స్ లెటర్ చాలా? ఈ జర్నల్‌ని మీరు ఒప్పుకుంటారా? రెండో ప్రశ్న ఇప్పుడు మరీ ముఖ్యం. ఇదివరకు యూజీసీ ఒప్పుకున్న జర్నళ్ల జాబితా ‘కేర్’ చూసుకుంటే సరిపోయేది. 2025 ఫిబ్రవరిలో దాన్ని నిలిపేశాక జర్నల్ నాణ్యత తేల్చుకునే బాధ్యత సంస్థల మీద పడింది. అందుకే జవాబు రాతలో తీసుకోండి. ఎనిమిది నెలలు ఆగి పేపర్ వచ్చాక “ఇది చెల్లదు” అంటే ఆ కాలాన్ని తిరిగి ఇచ్చేవాళ్లు ఎవరూ ఉండరు.

ఇక లెక్క. జూన్ 30కి యాక్సెప్టెన్స్ లెటర్ కావాలనుకుందాం. మీరు అనుకున్న జర్నల్‌కి 7 నెలలు పడుతుంది. మొదటి చోట తిరస్కరిస్తే పోయే కాలానికి ఇంకో 3 నెలలు కలపండి. కొత్త జర్నల్ ఫార్మాట్‌కి మార్చుకోవడానికి, గైడ్ మళ్లీ చదవడానికి 1 నెల. మొత్తం 11 నెలలు. అంటే అంతకుముందు ఏడాది జూలై ఆఖరుకి పేపర్ వెళ్లిపోవాలి. తిరస్కరణకు చోటు పెట్టని ప్రణాళికను నేను ప్రణాళికగా లెక్కించను.

2. ఆ జర్నల్ నిజంగా ఎంత కాలం తీసుకుంటుందో మీరే కొలవండి

ఆ 7 నెలలు ఎక్కడి నుంచి వచ్చాయి? ఊహ నుంచి కాదు, జర్నల్‌లో అచ్చయిన పేపర్ల మొదటి పేజీ నుంచి. చాలా జర్నళ్లు అక్కడ మూడు తేదీలు వేస్తాయి: రిసీవ్డ్, రివైజ్డ్, యాక్సెప్టెడ్.

గత ఏడాదిలో వచ్చినవాటిలో మీ పేపర్ లాంటివి 20 తీసుకోండి. ప్రత్యేక సంచికలు, సంపాదకీయాలు, చిన్న లేఖలు వదిలేయండి. రిసీవ్డ్ నుంచి యాక్సెప్టెడ్ వరకు ఎన్ని రోజులో లెక్కగట్టి చిన్నదాని నుంచి పెద్దదానికి వరసగా రాయండి. 10వ, 11వ అంకెల సగటే మధ్యగతం. ఉదాహరణకు అవి 190, 204 అయితే మధ్యగతం 197 రోజులు. ఇప్పుడు 15వ అంకె చూడండి. అది 270 అనుకుంటే, దాని తర్వాత ఉన్న 5 పేపర్లకు 270 లేదా అంతకంటే ఎక్కువ రోజులు పట్టాయన్నమాట. ప్రణాళిక 197తో వేయకండి, 270తో వేయండి. నలుగురిలో ఒకరికి జరిగినది మీకు జరగదని అనుకోవడానికి ఆధారం లేదు. ఈ పనికి పట్టేది ఒక్క గంట. అందరూ చేయాలి.

జర్నల్ వెబ్‌సైట్‌లో పెద్ద అక్షరాలతో కనిపించే ‘మొదటి నిర్ణయానికి పట్టే కాలం’ చూసి మోసపోకండి. అందులో రివ్యూకే వెళ్లకుండా ఎడిటర్ బల్ల మీద నుంచే వెనక్కొచ్చినవి, అంటే డెస్క్ రిజెక్ట్‌లు కూడా కలిసి ఉంటాయి. ఒక జర్నల్‌కి 100 పేపర్లు వచ్చాయనుకుందాం. 60 పేపర్లను 5 రోజుల్లో తిప్పి పంపారు. 40 పేపర్లు రివ్యూకి వెళ్లి 100 రోజులు తీసుకున్నాయి. సగటు 43 రోజులు. మధ్యగతమైతే 5 రోజులే! ఆ జర్నల్ అబద్ధం చెప్పలేదు. కానీ రివ్యూకి వెళ్లిన 40 మందిలో ఒక్కరికి కూడా 43 రోజుల్లో జవాబు రాలేదు.

మీరు కొలిచిన తేదీల్లోనూ ఒక లోపం ఉంటుంది. కొన్ని జర్నళ్లు పెద్ద మార్పులు అడిగేటప్పుడు ‘తిరస్కరించాం, కొత్తగా పంపండి’ అంటాయి. అలా మళ్లీ పంపినప్పుడు రిసీవ్డ్ తేదీ కొత్తది పడుతుంది, పాత నెలలు లెక్కలోంచి మాయమవుతాయి. అంతా ఒకే నెలన్నరలో ముగిసినట్లు కనిపించే జర్నల్ ఎదురైతే, అక్కడ పేపర్ వేసిన సీనియర్‌ని ఒక మాట అడగండి.

శాస్త్రాన్ని బట్టి కూడా కాలం మారుతుంది. బ్యోర్క్, సోలమన్ అనే ఇద్దరు పరిశోధకులు 2013లో రకరకాల రంగాల జర్నళ్లను పోల్చి చూశారు. పంపిన రోజు నుంచి ప్రచురణ వరకు రసాయనశాస్త్రంలో సగటున 9 నెలలు, వ్యాపార, ఆర్థికశాస్త్రాల్లో 18 నెలలు తేలింది. కాబట్టి పక్క ల్యాబ్‌లో కెమిస్ట్రీ చేస్తున్న స్నేహితురాలితో పోల్చుకుని కామర్స్ స్కాలర్ కుంగిపోవాల్సిన పనిలేదు. గణితంవాళ్లకు ఒక సౌకర్యం ఉంది: అమెరికన్ మేథమెటికల్ సొసైటీ తన ‘నోటీసెస్’ పత్రికలో గణిత జర్నళ్ల జాప్యాల పట్టిక వేస్తూ వచ్చింది. దాన్ని చూసుకోవచ్చు.

ఇంత లెక్క వేశాక కూడా ఒక మాట. గణితంలో పేరెన్నికగన్న ‘ఆనల్స్ ఆఫ్ మేథమెటిక్స్’నే తీసుకోండి. గోళాలను ఎంత దగ్గరగా పేర్చగలమో చెప్పే కెప్లర్ ప్రతిపాదనకు థామస్ హేల్స్ 1998లో ఇచ్చిన నిరూపణను 12 మంది రిఫరీలు (రివ్యూయర్లు) ఏళ్ల తరబడి పరిశీలించారు. 99 శాతం నమ్మకం ఉందని, కంప్యూటర్ లెక్కలన్నిటినీ సరిచూడలేకపోయామని చెప్పారు. పేపర్ 2005లో వచ్చింది. అదే జర్నల్‌కి యీతాంగ్ ఝాంగ్ ప్రధాన సంఖ్యల మధ్య దూరాల మీద రాసిన పేపర్ 2013 ఏప్రిల్ 17న చేరి, మే 21న ఆమోదం పొందింది. ఒకే జర్నల్, ఒకచోట ఏడేళ్లు, ఇంకోచోట ఐదు వారాలు. కాలాన్ని నిర్ణయించేది జర్నల్ పేరు ఒక్కటే కాదు. పేపర్ ఎవరి చేతికి వెళ్లింది, దాన్ని సరిచూడడం ఎంత కష్టం అన్నవీ నిర్ణయిస్తాయి.

3. పంపేముందే రివ్యూయర్ దొరికేలా చూడండి

రివ్యూ చేయమని నాకు వచ్చే మెయిల్‌లో ఉండేవి రెండే: పేపర్ శీర్షిక, అబ్‌స్ట్రాక్ట్. పూర్తి పేపర్ ఒప్పుకున్నాకే తెరుచుకుంటుంది. అంటే మీ పేపర్‌కి రివ్యూయర్‌ని తెచ్చేది ఆ 200 మాటలే. అబ్‌స్ట్రాక్ట్ నిండా నేపథ్యమే ఉండి, ఏం చేశారో ఏం తేలిందో ఆఖరి వాక్యం దాకా రాకపోతే నేను ఒప్పుకోవడానికి వెనకాడతాను. ఇది నా విషయమేనా? తోటి రివ్యూయర్లను అడిగితే వాళ్లూ అదే చెబుతారు.

నా పేపర్ ఒకటి ఐదు నెలలు ఆగి, “తగిన రివ్యూయర్లు దొరకలేదు” అన్న జవాబుతో తిరిగొచ్చింది. వారం రోజులు దాన్ని మళ్లీ తెరవలేకపోయాను. తర్వాత శీర్షికలోంచి మా ప్రాంతానికి మాత్రమే తెలిసిన పదాలు తీసేసి, అబ్‌స్ట్రాక్ట్ మొదటి రెండు వాక్యాల్లోనే ప్రశ్న, ఫలితం పెట్టి వేరే జర్నల్‌కి పంపాను. లోపలి పేపర్‌లో ఒక్క అంకె కూడా మార్చలేదు. మూడు వారాల్లో ‘అండర్ రివ్యూ’లోకి వెళ్లింది.

సబ్మిట్ చేసేటప్పుడు చాలా జర్నళ్లు రివ్యూయర్ల పేర్లు సూచించమంటాయి. దాన్ని ఖాళీగా వదలకండి. నాలుగు నుంచి ఆరు పేర్లు ఇవ్వండి. మీ రిఫరెన్సుల్లో గత మూడేళ్లలో పేపర్లు రాసినవాళ్లను చూడండి. రంగంలో అందరికంటే పెద్ద పేరున్న ప్రొఫెసర్‌కి అందరూ పంపుతారు, ఆయనకు వీలుండదు. ఆయన దగ్గర చదివి ఇప్పుడు సొంత ల్యాబ్ పెట్టుకున్న యువ అధ్యాపకురాలు శ్రద్ధగా చదువుతుంది. మీ సంస్థలోనివాళ్లు, మీతో ఈమధ్య కలిసి రాసినవాళ్లు, మీ గైడ్ పాత విద్యార్థులు వద్దు. ఈమెయిల్ తప్పకుండా సంస్థ ఇచ్చినదే ఉండాలి. నకిలీ ఈమెయిళ్లతో రచయితల వైపువాళ్లే రివ్యూలు రాసుకున్న వ్యవహారం బయటపడి 2015లో స్ప్రింగర్ సంస్థ 64 పేపర్లను ఉపసంహరించింది. అప్పటి నుంచి సొంత జీమెయిల్ చిరునామా కనబడితే ఎడిటర్లకు అనుమానం సహజం.

మిగతావి చిన్న పనులు: జర్నల్ కోరిన ఫార్మాట్, ఎథిక్స్ కమిటీ అనుమతి నంబరు, కో-ఆథర్ల ఆర్కిడ్ (ORCID, పరిశోధకుల గుర్తింపు సంఖ్య) వివరాలు, బొమ్మల రిజల్యూషన్. వీటిలో ఒకటి తగ్గితే ఆఫీసు నుంచి వెనక్కొచ్చి వారం, పది రోజులు పోతాయి. డిసెంబర్ రెండో సగంలో, ఆగస్టులో పశ్చిమ దేశాల విశ్వవిద్యాలయాలు సెలవుల్లో ఉంటాయి. ఆ రోజుల్లో పంపకూడదని కాదు, పంపితే ఇంకో మూడు వారాలు కలుపుకోండి.

4. స్టేటస్ మాటలను చదవడం నేర్చుకోండి

చాలా జర్నళ్లు ఎడిటోరియల్ మేనేజర్ లేదా స్కాలర్‌వన్ అనే రెండు సాఫ్ట్‌వేర్లలో ఏదో ఒకటి వాడతాయి. మాటలు కొంచెం వేరుగా ఉన్నా దశలు ఒకటే. కింద ఇచ్చిన రోజులు నా అనుభవం నుంచి, తోటివాళ్ల అనుభవం నుంచి వచ్చినవి. ప్రయోగశాస్త్రాలకు సరిపోతాయి. గణితం, అర్థశాస్త్రం వాళ్లు రెట్టింపు చేసుకోండి.

‘సబ్మిటెడ్’ అంటే ఆఫీసులో ఫార్మాట్, కాపీ తనిఖీలు జరుగుతున్నాయి. 2 నుంచి 10 రోజులు.

‘విత్ ఎడిటర్’ దగ్గర రెండు పనులు దాగి ఉంటాయి. మొదట రివ్యూకి పంపాలా వద్దా అన్న నిర్ణయం. పంపాలనుకుంటే రివ్యూయర్ల వేట. స్కాలర్‌వన్‌లో ఈ రెండోదాన్ని ‘అవెయిటింగ్ రివ్యూయర్ సెలెక్షన్’ అని విడిగా చూపిస్తారు. ఇద్దరు ఒప్పుకోవడానికి ఎనిమిది, పది మందికి రాయాల్సి వస్తుందని ఎడిటర్‌గా పనిచేసిన మిత్రులు చెబుతారు. ఒక్కొక్కరి జవాబు కోసం వారం ఆగితే ఎన్ని వారాలో మీరే చూడండి. కాబట్టి రెండు వారాలు దాటి ‘విత్ ఎడిటర్’లోనే ఉంటే నిరాశపడకండి. డెస్క్ రిజెక్ట్ అయ్యేదైతే చాలాసార్లు ఈపాటికి వచ్చేసేది.

‘అండర్ రివ్యూ’ అన్నంత మాత్రాన ఎవరో చదువుతున్నారని కాదు. కొన్ని జర్నళ్లలో ఆహ్వానం వెళ్లగానే ఆ మాట పడుతుంది, కొన్నింటిలో రివ్యూయర్ ఒప్పుకున్నాకే. ఎల్సెవియర్ అనే ప్రచురణ సంస్థ జర్నళ్లలో పేపర్‌ని ట్రాక్ చేసే పేజీ ఉంటుంది. ఎంతమందిని పిలిచారు, ఎంతమంది ఒప్పుకున్నారు, ఎన్ని రివ్యూలు వచ్చాయి అన్నది అక్కడ కనిపిస్తుంది. ఆ అంకెలు స్టేటస్ మాట కంటే నమ్మదగినవి. రివ్యూయర్‌కి ఇచ్చే గడువు సాధారణంగా 2 నుంచి 4 వారాలు. ఆ గడువు దాటడం మామూలే.

‘రిక్వయర్డ్ రివ్యూస్ కంప్లీటెడ్’ అని వచ్చి, మర్నాడు మళ్లీ ‘అండర్ రివ్యూ’ అయిందా? గుండె జారనివ్వకండి. బహుశా రెండు రివ్యూలు ఒకదానికొకటి పొసగలేదు, లేదా ఒకటి మరీ పలచగా ఉంది. మూడో మనిషిని పిలిచి ఉంటారు. ఇంకో నెల వేసుకోండి.

‘డెసిషన్ ఇన్ ప్రాసెస్’ అంటే ఎడిటర్ ఉత్తరం రాస్తున్నారు. కొన్ని రోజుల నుంచి రెండు వారాలు. స్టేటస్ పేజీని రోజుకి పదిసార్లు తెరిచే స్కాలర్లను చూశాను. వారానికి ఒక రోజు పెట్టుకోండి, సోమవారం పొద్దున అనుకోండి. తేదీ మారిందో లేదో నోట్‌బుక్‌లో రాసుకోండి. తర్వాత ఎడిటర్‌కి రాసేటప్పుడు ఆ తేదీలే పనికొస్తాయి.

5. ఎప్పుడు గుర్తుచేయాలి, ఎలా

ఎడిటర్‌కి కోపం రాదు. మర్యాదగా రాసిన మెయిల్ చాలాసార్లు మేలు చేస్తుంది. రివ్యూయర్ ఒప్పుకుని మాట్లాడకుండా ఉండిపోయిన సంగతి మీ మెయిల్ చూశాకే ఆఫీసువాళ్ల దృష్టికి వెళ్లొచ్చు.

‘విత్ ఎడిటర్’లో 5 వారాలు కదలకపోతే రాయండి. ‘అండర్ రివ్యూ’లో వైద్య, జీవశాస్త్రాలకు 2 నెలలు, ఇంజనీరింగ్, సామాజికశాస్త్రాలకు 3 నుంచి 4 నెలలు, గణితానికి 6 నెలలు దాటాక రాయండి. జర్నల్ తానే ఒక కాలం ప్రకటించి ఉంటే అదే ప్రమాణం. మొదట ఎడిటోరియల్ ఆఫీసుకి. రెండు వారాల్లో జవాబు లేకపోతే పేపర్ చూస్తున్న ఎడిటర్‌కి. రాయాల్సింది కరస్పాండింగ్ ఆథర్ (జర్నల్‌తో ఉత్తరాలు నడిపే రచయిత), అంటే చాలాసార్లు మీ గైడ్. మీరు ముసాయిదా తయారుచేసి ఆయనకు పంపండి, పని తొందరగా అవుతుంది.

నాలుగైదు వాక్యాలు చాలు. సబ్జెక్ట్‌లో పేపర్ నంబరు. మొదటి వాక్యంలో శీర్షిక, పంపిన తేదీ. రెండో వాక్యంలో స్టేటస్ ఏ తేదీ నుంచి మారలేదో. మూడోది ప్రశ్న: రివ్యూయర్లు ఒప్పుకున్నారా, ఇంకా వెతుకుతున్నారా? నాలుగోది సాయం: వెతుకుతుంటే మరో ముగ్గురి పేర్లు ఇవ్వగలం. థీసిస్ గడువు ఉంటే తేదీతో ఒక్కసారి చెప్పండి, దాని మీద బతిమాలడం వద్దు. ఈ నాలుగో వాక్యమే అన్నిటికంటే బలమైనది, ఎందుకంటే ఎడిటర్‌కి నిజంగా కొరత ఉన్నది అక్కడే. ఒక మెయిల్‌కీ ఇంకో మెయిల్‌కీ మధ్య కనీసం నెల వదలండి.

మూడు మెయిళ్లకూ జవాబు లేకపోతే ఉపసంహరణకు రాయండి. అందులో ఒక తేదీ పెట్టండి. ఉపసంహరించినట్లు జర్నల్ నుంచి రాతలో వచ్చేదాకా ఇంకోచోటికి పంపకండి. ఒకే పేపర్‌ని రెండు జర్నళ్లకు ఒకేసారి పంపడం పరిశోధన నీతికి విరుద్ధం. దొరికితే రెండుచోట్లా తిరస్కరిస్తారు, సంస్థకి కూడా రాయొచ్చు.

6. ఎదురుచూసే నెలల్లో

జర్నల్ నియమాలు ఒప్పుకుంటే ప్రీప్రింట్ పెట్టండి, అంటే రివ్యూ కాకముందే పేపర్‌ని అందరికీ కనిపించేలా ఆన్‌లైన్‌లో ఉంచండి. భౌతికశాస్త్రంవాళ్లకు 1991 నుంచి ఆర్‌కైవ్ అనే సైట్ ఉంది, తర్వాత అది గణితం, కంప్యూటర్ సైన్స్ వాళ్లకూ తెరుచుకుంది. జీవశాస్త్రానికి 2013లో బయోఆర్‌కైవ్, వైద్యానికి 2019లో మెడ్‌ఆర్‌కైవ్ వచ్చాయి. మీ పనికి తేదీతో సహా గుర్తింపు ఉంటుంది, ఇంటర్వ్యూలో చూపించవచ్చు. అది పీర్ రివ్యూ అయిన పేపర్‌తో సమానం కాదని రెజ్యూమెలో స్పష్టంగా రాయండి.

ఈ కాలంలోనే “72 గంటల్లో ప్రచురణ” అనే మెయిళ్లు వస్తాయి. అలసిపోయిన మనసుకు అవి ఆశ చూపిస్తాయి. ఇద్దరు నిపుణులను వెతికి, చదివించి, ఎడిటర్ ఆలోచించి మూడు రోజుల్లో చెప్పడం సాధ్యమయ్యే పని కాదని ఇప్పటికే చూశాం. 2013లో ‘సైన్స్’ పత్రిక తరఫున ఒక విలేఖరి కావాలని తప్పులు పెట్టిన నకిలీ పేపర్‌ని 304 జర్నళ్లకు పంపితే సగానికి పైగా ఒప్పుకున్నాయి. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఒక ప్రచురణ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వేసిన కేసులో, రివ్యూ గురించి తప్పుడు మాటలు చెప్పి రచయితలను మోసగించినందుకు 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని తీర్పిచ్చింది. ఫీజు అడిగిన ప్రతి జర్నల్ చెడ్డది కాదు. కానీ ఫీజు ముందు, రివ్యూ తర్వాత అంటే వెనక్కి రండి. అక్కడ వేసిన పేపర్ జీవితాంతం మీ పేరు పక్కనే ఉంటుంది.

7. నిర్ణయం వచ్చిన రోజు

‘మేజర్ రివిజన్’ చూసి ఏడ్చినవాళ్లు నాకు తెలుసు. అది మంచి వార్త. తలుపు తెరిచే ఉందని అర్థం. ఆ రోజు జవాబు రాయకండి. మర్నాడు ప్రతి వ్యాఖ్యకూ నంబరు వేసి, కింద మీ జవాబు, మార్పు ఏ పేజీలో ఏ వరసలో చేశారో రాయండి. రివ్యూయర్ తప్పుగా అర్థం చేసుకున్నా “మీరు పొరబడ్డారు” అనకుండా, ఆ వాక్యాన్ని తేటగా తిరగరాసి చూపండి.

ఇక్కడ కాలం మీ చేతిలో ఉంటుంది. గడువు 60 రోజులిస్తే 30లో పంపడానికి చూడండి. అదే రివ్యూయర్ల దగ్గరికే తిరిగి వెళుతుంది కాబట్టి, వాళ్లకు మీ పేపర్ ఇంకా గుర్తున్నప్పుడు వెళితే రెండో రౌండు చాలాసార్లు 3 నుంచి 6 వారాల్లో తేలుతుంది. ఆరు నెలల తర్వాత వెళితే వాళ్లు మొదటి నుంచి చదవాలి, లేదా ఈలోగా తప్పుకుంటారు, కొత్తవాళ్ల వేట మళ్లీ మొదలు. కొత్త ప్రయోగం నిజంగా అవసరమైతే గడువు ముగియకముందే పొడిగింపు అడగండి, సాధారణంగా ఇస్తారు.

ఆమోదం వచ్చాక ప్రూఫ్ 48 గంటల్లో తిప్పి పంపమంటారు. పేర్ల స్పెల్లింగ్, సంస్థ పేరు, పట్టికల్లో అంకెలు చూడండి. యాక్సెప్టెన్స్ లెటర్ ప్రింట్ తీసి రీసెర్చ్ సెల్‌లో ఇచ్చి, అందినట్లు ముద్ర వేయించుకోండి.

పేపర్ వచ్చిన కొన్నాళ్లకు మీకే రివ్యూ చేయమని మెయిల్ వస్తుంది. వీలుంటే అదే రోజు ఒప్పుకోండి. లేకపోతే అదే రోజు కుదరదని చెప్పి, చేయగల ఇద్దరి పేర్లు రాయండి. ఆ పేపర్ వెనక కూడా ఒక స్కాలర్ సోమవారం పొద్దున స్టేటస్ పేజీ తెరుస్తూ ఉంటుంది.